మేతలో ఉన్న బండి

ఉక్కుపొట్టేలు అనే ఆట చచ్చిపోతోందని అందరికన్నా ముందు తెలిసింది నూకరత్నానికే. శవానికి రంగు పూసి కూర్చోబెట్టే పని కూడా ఆమెదే కాబట్టి, తెలియక ఎక్కడికి పోతుంది.

ఒకప్పుడు ఆ ఆట వైభవం వేరు. కంప్యూటర్ తెర మీద ఒక కొండ, కొండ చుట్టూ మెలికల దారి, ఆ దారిలో ఇనుప మూతులు తొడిగిన లారీలు. పందెంలో పొట్టేళ్ళు ఢీకొన్నట్టు లారీలు ఎదురెదురుగా వచ్చి ఢీకొట్టుకోవాలి. పక్కకు తప్పుకున్నవాడు గొర్రె. పార్వతీపురం నుంచి పలమనేరు దాకా ఒకేసారి మూడు లక్షల మంది స్టీరింగులు పట్టుకు కూర్చున్న రోజులున్నాయి. కంపెనీకి విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా అద్దాల మేడ ఉండేది. తరవాత మూడు నిమిషాల్లో తేలిపోయే ఆటలు ఫోన్లలోకి వచ్చాయి. ఇక్కడ పోటీకి మనిషి దొరకడానికి మూడు సెకన్లు పట్టేది కాస్తా పదకొండు నిమిషాలయింది. అంతసేపు ఖాళీ కొండను చూస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? ఒకరు పోతే మిగిలినవాళ్ళకు ఎదురుచూపు పెరిగేది, అది భరించలేక వాళ్ళూ పోయేవారు. చివరికి అద్దాల మేడ పోయి, అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక గోడౌన్ మీద రెండు గదులు మిగిలాయి. బెల్లం వాసనకు వచ్చిన చీమలు సర్వర్లలో దూరేవి. పొద్దున్నే వచ్చి ముందు చీమలు దులిపి, ఆ తరవాతే రత్నం ఆట తెరిచేది.

నకళ్ళను ఆమె ఆ గదుల్లోనే తయారు చేసింది. ఆటగాడు వెళ్ళిపోయినా అతని చెయ్యి పోకూడదన్నది ఆలోచన. మలుపులో ఎంత తిప్పుతాడు, బ్రేకు ఎప్పుడు తొక్కుతాడు, భయం వేస్తే ఏం చేస్తాడు, ఇవన్నీ అతను ఆడిన వేల ఆటల్లోంచి యంత్రం నేర్చుకుని, అతను లేనప్పుడు అతని లారీని తోలుతుంది. మొదటి నకలు పలాసకు చెందిన ఒక ఆటగాడిది. జీడిపిక్క అన్న పేరుతో ఆడి, పెళ్ళయ్యాక మానేశాడు. దాన్ని వదిలిన రోజే అతని పాత జోడీ ఒకడు పందెంలో ఓడిపోయి, ‘ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా’ అని కంపెనీ పేజీలో ముచ్చటగా రాశాడు. రత్నం పకపకా నవ్వింది. ఇంటికి వెళ్ళే బస్సులో మాత్రం అదే మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

ఆటలో మాట్లాడుకునే వీలును బూతులు పడలేక కంపెనీ ఎప్పుడో తీసేసింది. అప్పటినుంచి ఆటగాళ్ళు లారీ లైట్లతోనే మాట్లాడుకునేవారు. రెండు డిప్పర్లు కొడితే, అంటే లైట్లు రెండుసార్లు మెరిపిస్తే, ‘రా, ఢీకొందాం’ అని అర్థం. కొట్టాక ఇక వెనక్కి తగ్గేది లేదు. అన్నానికో, అమ్మ పిలిస్తేనో లేవాలంటే బండి ఆపి లైట్లన్నీ ఆర్పేసేవారు. ఆ బండి మేతలో ఉందనేవారు. ఎంత పగ ఉన్నా మేతలో ఉన్న బండిని ఎవరూ ముట్టుకోరు. దాని ముందు ఆగి, అది మళ్ళీ లైట్లు వేసేదాకా కాచుకునేవారు. ఈ కట్టుబాటు కంపెనీ రాసింది కాదు, ఆడేవాళ్ళు వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్నది. నకళ్ళు కూడా వాళ్ళను చూసే నేర్చుకున్నాయి.

రత్నం కూడా చింతపిక్క అన్న పేరుతో ఆడేది. ఆటను సరిచేసే వంకతో మొదలుపెట్టి అందరికన్నా ఎక్కువ ఆటలు ఆడింది. మంచి పేరే ఉండేది. ఒక్కరోజు మాత్రం తప్పు చేసింది. కంపెనీ తనతోపాటు పనిచేసే పదకొండు మందిని ఒకే మధ్యాహ్నం ఇంటికి పంపేసిన రోజది. ఎవరి మీద అరవాలో తెలియక ఆటలో కూర్చుంది. మలుపు దగ్గర బొమ్మిడాయి అనే ఆటగాడి లారీ లైట్లార్పుకుని మేతలో ఉంది. చుట్టూ ఒక్క మనిషి లేడు, ఉన్నవన్నీ నకళ్ళే. ఆమె ముందు బ్రేకు వేసింది, తరవాత వదిలేసి గుద్దేసింది. బొమ్మిడాయి బండి లోయలో పడింది. కాసేపటికి అతను కంపెనీ పేజీలో ‘మేతలో ఉన్నాను కదక్కా’ అని రాశాడు. అంతే, మళ్ళీ ఆటలోకి రాలేదు. ఈ సంగతి రత్నం ఎవరికీ చెప్పుకోలేదు.

ఆట చచ్చినా నకళ్ళకు గిరాకీ తగిలింది. పాడేరు ఘాట్ మీదుగా కాఫీ బస్తాలు దింపే ఒక లారీ సంస్థకు డ్రైవర్లు లేని లారీలు కావలసివచ్చాయి. ఆ కొండ మీద సిగ్నల్ ఉండదు. కొండ ఎక్కడం మొదలుపెట్టాక దిగేదాకా లారీకి ఎవరి మాటా అందదు, ఏం చేసినా తన తెలివితోనే చెయ్యాలి. కొండదారిలో లక్షల మలుపులు తీసిన చేతులు ఉక్కుపొట్టేలులో తప్ప ఇంకెక్కడున్నాయి? కంపెనీ యజమాని ధనుంజయ్ గారు ఎగిరి గంతేశారు. రత్నం నకళ్ళలోంచి ఢీకొట్టే బుద్ధినీ, పాయింట్ల ఆశనూ తీసేసి ఆరింటిని ఇచ్చింది. అంటే తీసేశాననుకుంది. మూడో నంబరు లారీలో పెట్టింది చింతపిక్కనే. తన చెయ్యి నిజం కొండ ఎక్కుతోందని ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నలభై రోజులు పరీక్షించారు. ఎదురుగా బండ్లు నడిపే డ్రైవర్లకు రూల్సు పుస్తకం ఇచ్చి అందులో ఉన్నట్టే నడపమన్నారు. వాళ్ళు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా మహా బుద్ధిగా నడిపారు. ఒక్క లారీ కూడా గీత దాటలేదు.

రత్నం భర్త ఈశ్వర్రావు కూడా ఆ ఘాట్ మీదే బతుకుతున్నాడు. మునుపు లారీ డ్రైవరు, ఇప్పుడు వ్యాన్ ఉంది. రోజూ చీకటితో లేచి అనకాపల్లిలో, చోడవరంలో తొమ్మిది మంది టీచర్లను ఎక్కించుకుని మన్యంలోని బడుల దగ్గర దింపుతాడు. రత్నానికి డ్రైవింగ్ నేర్పింది అతనే. ఎడమ మలుపు తీసే ముందు బండిని జానెడు కుడికి జారనివ్వడం అతని అలవాటు, అది ఆమెకూ అంటుకుంది. కొత్త లారీలు తిరగడం మొదలైన వారానికి అన్నం తింటూ, ఆ మూడో నంబరుది నీ చెయ్యేనా అని అడిగాడు. ఎలా తెలిసిందని ఆమె ఆశ్చర్యపోయింది.

“నేను నేర్పిన మలుపు నాకు తెలీదేటి,” అన్నాడు మజ్జిగ కలుపుకుంటూ. “నువ్వే ఎదురొస్తన్నట్టుంటాది.”

ఆమె మురిసిపోయింది. వ్యాన్‌కు హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు, బాగుచేయించండి అని ఆ పూట కూడా గుర్తుచేసింది. రేపు చేయిస్తానని అతను రోజూ చెప్పే మాటే చెప్పాడు.

డిసెంబర్ మొదట్లో, మంచు దిగడం మొదలయ్యాక, గోవిందు అనే అతని పాల వ్యాన్ ఘాట్‌లో కాలవలో పడి, అతని కాలు విరిగింది. ఎదురొస్తున్న డ్రైవరు లేని లారీ కావాలనే తన మీదికి తిరిగిందని మంచం మీదనుంచి మొత్తుకున్నాడు. పొద్దున్నే తాగి ఉంటాడని అందరూ తేల్చేశారు. లారీ తప్పులేదన్న కాగితం మీద రత్నం కూడా సంతకం చేసింది. యంత్రాలు తాగవు కదా, తాగేది మనుషులే కదా అన్న ధీమా. రెండు వారాలకు ఒక జీపు వాళ్ళు అదే మాట చెప్పారు. ఈసారి లారీ సంస్థ రెండు సంఘటనల వీడియోలూ కలిపి పంపింది. అవి రత్నం చేతికొచ్చేసరికి ఉదయం ఎనిమిదయింది. చీమలు దులిపి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని చూడసాగింది.

పాల వ్యాన్ మలుపు తిరిగింది. లారీ తన దారిన తాను వస్తోంది. వ్యాన్ లైట్లు రెండుసార్లు మెరిశాయి. ఆ వెంటనే లారీ మూతి కుడికి తిరిగి, నేరుగా వ్యాన్ మీదికి వచ్చింది. రత్నం జీపు వీడియో పెట్టింది. అక్కడా రెండు మెరుపులు, ఆ వెనకే లారీ మీదికి రావడం. రెండూ మళ్ళీ మొదటినుంచి పెట్టి చూసింది.

మంచు పడే రోజుల్లో డిప్పర్ కొట్టకుండా ఘాట్ ఎక్కే డ్రైవరు ఈ జిల్లాలో ఉన్నాడా? మలుపులో రెండుసార్లు కొట్టి, ‘వస్తున్నాను, చూసుకో’ అని చెప్పుకోవడం వాళ్ళకు ఊపిరి పీల్చడమంత అలవాటు. ఆ మాట రూల్సు పుస్తకంలో లేదు కాబట్టి పరీక్షలో ఎవరూ కొట్టలేదు. డ్రైవరు పెళ్ళాం అయ్యుండి, వందసార్లు ఆ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, తనకు కూడా తట్టలేదు. ఢీకొట్టే బుద్ధి తీసేశాననుకుందిగానీ, పిలిస్తే వెళ్ళే బుద్ధి అలాగే ఉండిపోయింది. రత్నం గోడ గడియారం చూసింది. ఈశ్వర్రావు ఈపాటికి ఘాట్‌లో ఉంటాడు.

లారీ సంస్థకు ఫోన్ చేసింది. మూడో నంబరు పాడేరులో ఎనిమిదింటికే బయల్దేరిందనీ, దిగేదాకా దానికి కబురు అందదనీ చెప్పారు. ధనుంజయ్ గారు ఫోన్ ఎత్తలేదు. ఇక ఉన్న దారి ఒక్కటే. ఘాట్‌లో పదకొండో మలుపు దగ్గర, లోయవైపు చెయ్యి చాపితే సిగ్నల్ ఒక్క గీత తగులుతుంది. టీచర్ల వ్యాన్ రోజూ అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది, అందరూ ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటారు. రత్నం భర్త నంబరు నొక్కుతూనే ఉంది. అందుబాటులో లేరన్న మాట పదిహేనుసార్లు విన్నాక రింగ్ వచ్చింది.

“ఏటే, ఈ టైములో?” అన్నాడు ఈశ్వర్రావు.

“ఎక్కడున్నారు?”

“పదకొండు దగ్గర. మంచు బాగా ఉన్నాది. టీచర్లు మాటాడుకుంటన్నారు.”

“పైనుంచి మూడో నంబరు వస్తోంది. దానికి డిప్పర్ కొట్టకండి. ఏమైనా సరే, కొట్టకండి.”

“ఇప్పుడే కొట్టీసేనే,” అన్నాడు. “పై మలుపులో లైటు కనబడ్డాది. మేమిక్కడున్నామని తెలవాలి కదా.”

రత్నం లైట్లన్నీ ఆర్పెయ్యమంది, ఒక్కటి కూడా ఉండకూడదంది. బండి కదపొద్దంది, అందరినీ దింపి కొండవైపు ఎక్కించమంది, మీరు కూడా దిగిపోండి అంది.

“మతుండే మాటాడతన్నావా? ఇంత మంచులో లైట్లార్పితే ఆ లారీ చూసుకోకుండా ఎక్కించీదా?”

“చూస్తుంది. ఆ లారీ తోలుతున్నది నా చెయ్యండి. లైట్లార్పి ఆగితే ముట్టుకోదు. నా మాట వినండి.”

అతను టీచర్లను దిగమని కేకలెయ్యడం, తలుపు జరిగిన చప్పుడు వినిపించాయి. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చాడు.

“నేను దిగితే బండి లోయలోకి పోద్ది రత్నం. హ్యాండ్‌బ్రేకు పట్టదు కదా.”

పోతే పోనీయండి అని ఆమె అరిచేసరికి లైను లేదు. మళ్ళీ చేస్తే అందుబాటులో లేరన్న అదే గొంతు. ఇక రింగ్ రాలేదు.

లైట్లార్పి ఆగితే ముట్టుకోదు అని ఎంత నమ్మకంగా చెప్పింది! చెప్పిన నోటికే ఇప్పుడు బొమ్మిడాయి గుర్తొచ్చాడు. మేతలో ఉన్న బండి ముందు ఆమె వేలసార్లు ఆగింది. ఆగనిది ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా నకలు నేర్చుకునే ఉంటుంది కదా. ఆ రోజు గుద్దింది ఎందుకు? చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి. మంచు కమ్మిన పదకొండో మలుపులో మాత్రం చూసేవాళ్ళు ఎవరున్నారు?

చేతులు కట్టుకుని కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఆట తెరిచి, కొండ మీద మంచు పెట్టి, మలుపులో లైట్లార్పిన వ్యాన్‌ను నిలిపి, పైనుంచి తన నకలును వదిలింది. లారీ మంచులోంచి ఊడిపడి, వ్యాన్ ముందు ఠక్కున ఆగింది. రత్నం ఊపిరి పీల్చుకుని మళ్ళీ వదిలింది. మళ్ళీ ఆగింది. అయిదుసార్లు, పదిసార్లు, పదమూడుసార్లు ఆగింది. పద్నాలుగోసారి బ్రేకు వేసి, వదిలి, గుద్దేసింది. తెర మీద వ్యాన్ దొర్లుతూ లోయలోకి పోయింది.

ఏం తేడా వచ్చిందని ఆమె రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి వెతికింది. ఏ తేడా లేదు. అదే మంచు, అదే వ్యాన్, అదే వేగం. ఆ రోజు తనకు మాత్రం కారణం ఉందా ఏమిటి? ఇంకో ఆరుసార్లు వదిలితే ఆరుసార్లూ ఆగింది. ఇరవైలో పంతొమ్మిది. పరీక్షలో అయితే గొప్ప మార్కులే. రత్నం తెర ఆపేసి, చదువుకున్న చదువంతా మరిచి, నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. మిగిలిన లారీలను ఆపించింది, పోలీసులకు చెప్పింది, అంబులెన్సుకు చెప్పింది. ఎవరేం అడిగారో, తానేం చెప్పిందో ఆమెకు తరవాత గుర్తులేదు. కింద బెల్లం వేలం పాటలు జోరుగా సాగుతున్నాయి. లోకంలో ఎవరికీ ఏమీ కానట్టు అంత హుషారుగా పాడుతున్నారేమిటని ఆమెకు ఒళ్ళు మండింది.

తొమ్మిదింబావుకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వ్యాన్‌లో వెళ్ళే భారతమ్మ టీచరు, ఆయాసపడుతూ మాట్లాడింది. అందరూ బాగున్నామంది. మీ ఆయన కూడా బాగానే ఉన్నారంది. రత్నం భోరుమని ఏడ్చింది. ఏడుపు తగ్గాక టీచరు మిగతాది చెప్పింది. లారీ వచ్చి వ్యాన్‌కు బెత్తెడు దూరంలో ఆగిపోయిందట. ఈశ్వర్రావు కాలు బ్రేకు మీదే ఉంచి, ఎదురుగా ఆ ఇనుప మూతిని చూస్తూ కూర్చున్నాడట. వీళ్ళు గట్టు దిగి, రాళ్ళు వెతికి టైర్ల కింద పెట్టేదాకా ఆ కాలు తియ్యలేదట.

“ఆ లారీ ఇంకా అక్కడే ఉందమ్మా,” అంది భారతమ్మ గొంతు తగ్గించి. “ఇంజను ఆపలేదు. మా సైన్సు మాస్టారు సెల్లు లైటు వేస్తే గుర్రుమని కదలబోయింది. ఆర్పేస్తే ఆగింది. దేనికోసం చూస్తోందమ్మా అది?”

వ్యాన్ లైట్ల కోసమని రత్నానికి తెలుసు. ఎవరూ లైటు వెయ్యకండి, నేను వస్తున్నాను అని మాత్రం చెప్పి జీపు మాట్లాడుకుంది.

ఆమె కొండ ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నమయింది. మంచు విడిపోయింది. లారీ సంస్థ మనిషి ఒకతను కిందికి దూరి కరెంటు కోసేశాడు, మూడో నంబరు ఎట్టకేలకు ఊరుకుంది. టీచర్లు వేరే బండిలో బడులకు వెళ్ళిపోయారు. ఈశ్వర్రావు పిట్టగోడ మీద కూర్చుని కుడి తొడ నొక్కుకుంటున్నాడు. భార్యను చూసి లేచాడు. కాలు ఇంకా వణుకుతోంది. ఆమె రోడ్డు మీదే అతని చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

“నువ్వు చెప్పినట్టే ఆగిందే,” అన్నాడు. “నీ చెయ్యి కాబట్టి బతికిపోయాను.”

రత్నం తల దించుకుంది. అప్పుడు రోడ్డు కనిపించింది. దాన్ని కప్పిన తడి ఎర్రమట్టి మీద లారీ టైర్లు ఈడ్చుకొచ్చిన రెండు చారలు పై మలుపు నుంచి దిగివచ్చాయి. అవి ఒకచోట తెగిపోయాయి. రెండు బారల మేర మట్టి మీద ఈడ్చిన గుర్తే లేదు, చక్రాలు హాయిగా దొర్లిన అచ్చులున్నాయి. తరవాత మళ్ళీ చారలు మొదలై, ఇంకా లోతుగా దిగబడి, వ్యాన్ మూతి దగ్గర ఆగాయి. ఆమె చూపు వెంబడే ఈశ్వర్రావు కూడా చూశాడు. ముప్పయ్యేళ్ళు బండి తోలినవాడికి ఆ గుర్తులు ఎవరూ చదివి పెట్టనక్కర్లేదు.

“ఇక్కడ బ్రేకు వదిలీసింది కదే,” అన్నాడు. “ఏటయ్యింది? జారిందా?”

జారిందని చెప్పొచ్చు. మంచు అనొచ్చు, మట్టి అనొచ్చు, యంత్రాలకు అప్పుడప్పుడు అలా అవుతుందనొచ్చు. మంచం మీద ఉన్న గోవిందు మాట అబద్ధమని సంతకం పెట్టిన చేతికి ఇంకో అబద్ధం బరువా? కానీ ఆ రెండు బారల జాగా చూస్తుంటే ఆమెకు అబద్ధం నోట రాలేదు. బొమ్మిడాయి సంగతి మొదటినుంచీ చెప్పింది. ఆ రోజు ఎలా బ్రేకు వేసిందో, ఎలా వదిలిందో చెప్పింది. గదిలో ఇరవైసార్లు పరీక్షిస్తే ఏమయిందో కూడా చెప్పింది.

“అంటే ఇక్కడ?” అని వేలితో ఆ జాగా చూపించాడు.

“అక్కడ గుద్దేద్దామా అనుకున్నానండి,” అంది రత్నం. “తరవాత మనసు మార్చుకున్నాను.”

ఈశ్వర్రావు కాసేపు ఆ ఎర్రమట్టి వంక, తరవాత ఆమె వంక చూశాడు. ఆమె చేతిలోంచి మెల్లగా తన చెయ్యి తీసుకుని, ఒక్క అడుగు వెనక్కి వేశాడు.